సిలికాన్ స్ప్రెడర్: మందు ఎకరం లెక్క, స్ప్రెడర్ లీటరు లెక్క

వానపడ్డాక సార్వా (ఖరీఫ్) వరి చేలోకి వెళ్తే నీటి బొట్లు ఆకుల మీద గుండ్రంగా నిలిచి కనిపిస్తాయి. ఆకును కాస్త కదిపితే జారి కింద పడతాయి, ఆకు మాత్రం తడవదు. తామరాకుకున్న గుణమే వరి ఆకుకూ ఉంది. పైన మైనపు పొర, ఆ పొర మీద కంటికి ఆనని సిలికా బొడిపెలు ఉంటాయి. అరటి, చేమ, కొబ్బరి ఆకులూ ఎక్కువ తక్కువగా ఇదే తీరు. మనం కొట్టే మందునీళ్లు కూడా ఆ బొట్లలాగే జారిపోతాయి కాబట్టే దుకాణంలో మందు డబ్బా పక్కన సిలికాన్ స్ప్రెడర్ (మందునీళ్లను ఆకు మీద పరిచే ద్రవం) సీసా కూడా చేతిలో పెడుతున్నారు. సీసా మంచిదే కావచ్చు. దాన్ని లెక్క తప్పి వాడటంతోనే చిక్కు. పురుగు మందు, తెగులు మందు మోతాదు ఎకరానికి కట్టాలి, స్ప్రెడర్ మోతాదు లీటరు నీటికి కట్టాలి. ఈ రెండు లెక్కలూ కలగలిపేయడం వల్ల ఆకులు మాడుతున్నాయి, మందు బోదెల్లోకి కారిపోతోంది.

అది చేసే పని

నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. బొట్టును బొట్టుగా పట్టి ఉంచే బిగువు అదే. మామూలు జిగురు మందులు దీన్ని 30 దరిదాపులకు తెస్తాయి. వ్యవసాయంలో వాడే సిలికాన్ రకం పేరు ట్రైసిలోక్సేన్, ఇది 20–22 దాకా దించేస్తుంది. దాని అణువులో ఒక కొసన మూడు సిలికాన్ పరమాణువులు, వాటిని కలుపుతూ రెండు ఆక్సిజన్లు, చుట్టూ ఏడు మిథైల్ గుంపులు ఉంటాయి. ఈ కొస నీటికి దూరంగా, మైనం వైపు మొగ్గుతుంది. రెండో కొసన ఏడెనిమిది ఇథిలీన్ ఆక్సైడ్ ముక్కల గొలుసు ఉంటుంది, అది నీటిని వదలదు. సిలికాన్–ఆక్సిజన్ బంధం తేలిగ్గా వంగుతుంది కాబట్టి ఆ మిథైల్ కొస గొడుగులా విచ్చుకుని ఆకు మీద పడుకుంటుంది. మామూలు సబ్బు అణువు నిటారుగా నిలబడుతుందే గాని ఇలా పరుచుకోలేదు. సిలికాన్ కలిపిన బొట్టు ఆకు మీద పడగానే క్షణాల్లో పల్చని పొరగా మారేది అందుకే.

తలతన్యత ఇంతగా పడిపోయినప్పుడు మందునీళ్లు ఆకు మీది శ్వాసరంధ్రాల్లోంచి నేరుగా లోపలికి కూడా దిగుతాయి. ఆకులోకి ఇంకి పనిచేసే అంతర్వాహిక మందుకు ఇది లాభం. మోతాదు మించితే ఆకు లోపలి కణజాలం మాడేది కూడా ఈ దారినే.

దీన్ని అందరూ జిగురు అంటారు గానీ ఇది అంటించదు. పరుస్తుంది, అంతే. ముసురు రోజుల్లో మాంకోజెబ్ లాంటి, ఆకు పైనే నిలవాల్సిన మందుకు సిలికాన్ కలిపితే పొర పల్చబడి తర్వాతి వానకు ఇంకా సులువుగా కడుక్కుపోవచ్చు. అలాంటి మందుకు నిజంగా అంటించే స్టిక్కర్ కావాలి. వానకు ముందు సిలికాన్ ఉపయోగపడేది ట్రైసైక్లజోల్, హెక్సాకొనజోల్ లాంటి, ఆకులోకి ఇంకే మందులతోనే.

పేరు దగ్గర ఇంకో తికమక ఉంది. వరి కాడ గట్టిపడటానికి అమ్మే సిలికా ద్రావణం వేరే సరుకు. అది మొక్కకు పోషకం, ఇది ఆకును తడిపే పదార్థం. పైగా ఆ ద్రావణంలో ఉండే పొటాషియం సిలికేట్ గట్టి క్షారం. రెండూ ‘సిలికానే’ కదా అని ఒకే ట్యాంకులో పోస్తే స్ప్రెడర్ అణువు తెగిపోతుంది, ఖర్చు వృథా.

   

ముందు సీసాను పరీక్షించండి

చాలా సీసాల మీద అసలు పదార్థం ఎంత శాతమో రాసి ఉండదు. పల్చన చేసి అమ్మే సరుకూ ఉంది. పది నిమిషాల పరీక్షతో అది బయటపడుతుంది.

కావలసినవి: నాలుగు ఖాళీ లీటరు నీళ్ల సీసాలు, సూది తీసేసిన 1 మి.లీ. సిరంజి, మీరు మందు కొట్టబోయే పైరు ఆకులు, ఒక పాలిథీన్ కవరు. ఆకులు అప్పుడే కోసినవై ఉండాలి. వేళ్లతో రుద్దితే మైనం ఊడిపోయి పరీక్ష తప్పుతుంది, అందుకే అంచులు పట్టుకోండి. మీ చేలో వాడే నీళ్లే నాలుగు సీసాల్లో నింపి 0.1, 0.25, 0.5, 1 మి.లీ. చొప్పున స్ప్రెడర్ కలపండి. ఒక్కోదాంట్లోంచి ఒక బొట్టు ఆకు మీద వేసి అర నిమిషం చూడండి.

అరటి ఆకు మీద పొర నలుదిక్కులా పాకుతుంది. వరి ఆకు మీద ఈనెల వెంబడి పొడవునా పారుతుంది, అడ్డంగా తక్కువే. మంచి సరుకైతే 1 మి.లీ. సీసాలోని బొట్టు పాలిథీన్ మీద రూపాయి బిళ్ల కన్నా వెడల్పుగా పరుచుకోవాలి. పక్కనే సబ్బునీటి బొట్టు వేసి పోల్చుకోండి, అది కాస్త చదునై అక్కడే ఆగిపోతుంది. 1 మి.లీ. వేసినా మీ బొట్టు సబ్బునీటి బొట్టు లాగే నిలబడితే ఆ సీసాలో ఉన్నది మామూలు జిగురే.

ఆకు మీద బొట్టు పూర్తిగా విప్పారిన సీసాల్లో అన్నిటికన్నా తక్కువ మోతాదు ఏదో అదే మీ మోతాదు. శుభ్రమైన నీటిలో తలతన్యత లీటరుకు 0.1 మి.లీ. దగ్గరే దాదాపు అడుగుకు చేరుతుంది. ఆ పైన వేసేది బొట్టు వేగంగా పాకటానికి, మందు పొడులు, బురద పీల్చేసుకునే నష్టం పూడ్చటానికి. అందుకే వరికి లీటరుకు 0.3–0.5 మి.లీ.తో పని జరిగిపోతుంది. 1 మి.లీ. దాటితే లాభం పెరగదు, ఆకు మాడే ప్రమాదం పెరుగుతుంది.

ఎకరానికి ఎన్ని నీళ్లు: సెంట్లతో కొలత

చేలో 5 సెంట్లు తాళ్లతో గుర్తు పెట్టండి. పంపులో కొలిచిన మంచినీళ్లు పోసి, రోజూ నడిచే వేగంతోనే ఆ 5 సెంట్లు కొట్టండి. మళ్లీ అదే గీతకు నింపటానికి ఎన్ని లీటర్లు పట్టిందో చూసి 20తో గుణించండి. 10 లీటర్లు పడితే ఎకరానికి 200 లీటర్లు.

ఇప్పుడు అదే పని స్ప్రెడర్ కలిపిన నీళ్లతో చేసి ఆకు కొసల్ని గమనించండి. 200 లీటర్ల లెక్కన కొడితే కొసల నుంచి బొట్లు రాలుతుంటాయి. ఇంతకు ముందు ఆకు మీద బొట్లుగా నిలిచిన నీరు ఇప్పుడు పొరై కిందికి పారుతోంది, కాబట్టి ఆకు పట్టుకునే నీరు తగ్గిపోయింది. సిలికాన్ వేసి నీళ్లు తగ్గించకపోతే వేయనప్పటి కన్నా తక్కువ మందే ఆకు మీద నిలుస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని సీసా అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. నడక వేగం పెంచండి, లేదా నాజిల్ చిన్నది వేయండి. బొట్టు రాలడం ఆగే దగ్గర ఆగండి. 16 లీటర్ల బ్యాటరీ పంపుతో ఎదిగిన వరికి 8 ట్యాంకులు, అంటే 128 లీటర్ల దగ్గర ఇది కుదురుతుంది. మీ చేలో ఎంతో మీరే కొలవాలి.

నీళ్లు తగ్గినా ఎకరానికి మందు తగ్గకూడదు. అగ్గితెగులుకు ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మోతాదు 200 లీటర్లకు లీటరుకు 0.6 గ్రా., అంటే ఎకరానికి 120 గ్రాములు. 8 ట్యాంకులకు పంచితే ట్యాంకుకు 15 గ్రాములు. పొడ తెగులుకు హెక్సాకొనజోల్ 5 శాతం మందు లీటరుకు 2 మి.లీ., ఎకరానికి 400 మి.లీ., ట్యాంకుకు 50 మి.లీ. స్ప్రెడర్ మాత్రం లీటరుకు 0.5 మి.లీ. లెక్కనే, ట్యాంకుకు 8 మి.లీ. ఎకరం మొత్తానికి 64 మి.లీ. అవుతుంది. ‘ఎకరానికి 100 మి.లీ. సీసా’ అన్న మాట 200 లీటర్లు కొట్టేవాళ్లకే సరిపోతుంది.

లీటరులో మందు చిక్కనైంది కాబట్టి మొదటిసారి రెండు సాళ్ల మీద కొట్టి మూడు రోజులు చూడండి. ఆకు కొస ఎర్రబారకపోతే మిగతా చేను.

నీళ్లు

ట్రైసిలోక్సేన్ పీహెచ్ 6–8 మధ్య నిలకడగా ఉంటుంది. 5 కన్నా తగ్గినా 9 దాటినా విరిగిపోతుంది. చేపలు, రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర పీహెచ్ చూసే కాగితాలు ఎప్పుడూ ఉంటాయి, ఒకటి అడిగి తీసుకుంటే చాలు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీరు మామూలుగా ఇబ్బంది పెట్టదు. వరద రోజుల్లో వచ్చే ఎర్ర నీటితోనే చిక్కు: అందులోని బంకమట్టి స్ప్రెడర్‌నూ కొన్ని మందుల్నీ పీల్చుకుంటుంది. రాత్రి డ్రమ్ములో తేర్చి, పైనీళ్లు గుడ్డతో వడకట్టి వాడండి. త్వరగా తేరాలని పటిక ఎక్కువగా వేస్తే నీరు పులిసి స్ప్రెడర్ చెడుతుంది.

సముద్రం దగ్గరి శివారు ఊళ్లలో బోరునీరు ఉప్పగా, గట్టిగా ఉంటుంది. అలాంటి నీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, సిలికాన్‌కు ఆ బాధ లేదు. మామూలు జిగురు మీద దీనికున్న అసలైన పైచేయి అక్కడే.

కలిపే వరుస

ట్యాంకులో ముప్పాతిక వంతు నీళ్లు పోయండి. పొడి మందును వేరే బకెట్టులో ముద్దలా కలిపి వడకట్టి పోయండి. తర్వాత చిక్కటి ద్రవ మందు, ఆ తర్వాత నూనె రకం మందు. అవన్నీ కలిశాక నీళ్లు గీత దాకా నింపి, చిట్టచివర స్ప్రెడర్ వేసి కర్రతో నెమ్మదిగా తిప్పండి. ముందే స్ప్రెడర్ పోసి పైనుంచి పైపు పెడితే ట్యాంకు నిండా నురగే, కొలత తెలియదు, పంపు గాలి పీలుస్తుంది.

ఇంకో జిగురు, సర్ఫ్ పొడి తోడు వేయకండి. మామూలు జిగురు అణువులు ఆకు మీద చోటు ఆక్రమించి సిలికాన్ పాకే గుణాన్ని చంపేస్తాయి. రెండూ వేస్తే రెట్టింపు ఫలితం రాదు సరికదా, సిలికాన్ ఖర్చుతో మామూలు జిగురు పనే జరుగుతుంది. కలిపిన మందునీళ్లు ఆ పూటే కొట్టేయండి, మర్నాటికి దాచకండి.

రాగి మందులతో, సున్నం ఎక్కువైన బోర్డో మిశ్రమంతో సిలికాన్ వద్దు. సున్నం స్ప్రెడర్‌ను విరుస్తుంది, విరగకుండా మిగిలినది రాగిని ఆకులోకి తోసి మాడుస్తుంది.

కొట్టే వేళ

దాళ్వా (రబీ వరి) ముందు రోజుల్లో, నవంబరు–డిసెంబరుల్లో ఉదయం ఎనిమిదింటికి కూడా ఆకుల మీద మంచు ఉంటుంది. ఆ నీటి మీద సిలికాన్ మందు పడితే మంచూ మందూ కలిసి కిందికి కారిపోతాయి. మంచు ఆరాక కొడదామంటే వరి పూతకొచ్చిన చేలో తొమ్మిది నుంచి పదకొండు దాకా పూలు విచ్చుకునే వేళ. మధ్యాహ్నం పల్చటి పొర నిమిషాల్లో ఆరిపోయి మందు ఆకు పైనే పొడిగా మిగులుతుంది. ఇక మిగిలింది సాయంత్రం నాలుగు తర్వాత. ఆ వేళే సరైనది.

పైరును బట్టి

సుడిదోమకు ఎంత మంచి స్ప్రెడర్ వేసినా పైపైన కొడితే ప్రయోజనం లేదు. దోమ దుబ్బు మొదట్లో, నీటికి జానెడు పైన ఉంటుంది. ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట తీసి ఉంటే నాజిల్‌ను కిందికి వంచి మొదళ్లు తడపండి. స్ప్రెడర్ ఉన్న నీరు ఆకు తొడుగు వెంట కొంత దిగుతుంది నిజమే, దాన్ని నమ్ముకుని పైనుంచి కొట్టడం మాత్రం తప్పు. మందు వేసే ముందు చేలో నీరు తీసేస్తే మొదళ్లు బయటపడతాయి. పొడ తెగులుకూ ఇదే పద్ధతి.

పైరులో కలుపు మందుకు స్ప్రెడర్ జోడించడం జూదమే. వరి తట్టుకునేది ఎక్కువగా ఆకులోకి వెళ్లిన మందును విరిచేయగలదు కాబట్టే. స్ప్రెడర్ ఎక్కువ మందును లోపలికి తోసి ఆ తేడాను చెరిపేయొచ్చు. డబ్బాతో పాటు కంపెనీయే స్ప్రెడర్ ఇస్తే అది వేయండి, లేకపోతే మానేయండి.

రావులపాలెం, కొత్తపేట వైపు అరటిలో సిగటోకా తెగులు మచ్చలకు ప్రొపికొనజోల్ లీటరుకు 1 మి.లీ. కొట్టేటప్పుడు 0.3 మి.లీ. స్ప్రెడర్ చాలు. అడుగు ఆకుల కింది వైపు తడవాలి. గొట్టంలా చుట్టుకుని ఉన్న మొవ్వులోకి నీరు దిగి నిలిస్తే, ఆ ఆకు విచ్చుకున్నాక అడ్డంగా మాడిన చారలు కనిపిస్తాయి. గెలల మీద స్ప్రెడర్ పడనీయకండి. కాయ మీది బూడిద పొర చెదిరిపోయి, నీటి చారలు పడితే చక్కెరకేళి గెలకు మార్కెట్లో రేటు పడిపోతుంది.

కొబ్బరిలో సర్పిలాకార తెల్లదోమ మైనపు దూది కింద దాక్కుంటుంది. దాన్ని తడపటానికి సిలికాన్ బాగానే పనికొస్తుంది. కానీ వేపనూనెను నీళ్లలో కలిపే శక్తి దీనికి లేదు, నూనె పైకి తేలుతుంది. లీటరుకు 10 మి.లీ. వేపనూనె కొట్టేవాళ్లకు సబ్బుపొడే కావాలి, అప్పుడు సిలికాన్ అక్కర్లేదు. నూనె లేకుండా వట్టి నీళ్లు గట్టిగా కొట్టి దోమను రాల్చేటప్పుడు మాత్రం లీటరుకు 0.5 మి.లీ. సిలికాన్ కలపండి. విచ్చుకున్న పొత్తుల మీద వద్దు. పూల మీది తేనెటీగకు పురుగు మందు లేకపోయినా ఈ స్ప్రెడర్ ఒక్కటే హాని చేస్తుంది.

కడియం నర్సరీల్లో షేడ్‌నెట్ కింద పెరిగే ఫెర్నులు, లేత క్రోటన్లు మైనం పల్చన ఉన్న మొక్కలు. 0.1–0.2 మి.లీ. దాటొద్దు, ఒక కుండీ మీద పరీక్షించకుండా వరుస మొత్తం కొట్టొద్దు. తమలపాకు తోటల్లో అసలు వద్దనే మా మాట. కోసిన ఆకు నేరుగా నోట్లోకి వెళ్తుంది, మందును ఆకులోకి తోసే పదార్థం అక్కడెందుకు?

డ్రోన్‌తో కొట్టించేటప్పుడు

డ్రోన్ ఎకరానికి సుమారు 10 లీటర్లే వాడుతుంది. మందు ఎకరం మోతాదు మొత్తం ఆ 10 లీటర్లలోకే వెళ్తుంది. స్ప్రెడర్ మాత్రం లీటరుకు 1 మి.లీ. చొప్పున 10 మి.లీ. చాలు. పంపు అలవాటుతో 100 మి.లీ. సీసా వంపితే లీటరుకు 10 మి.లీ. పడుతుంది. నురగతో నీటి మీటరు తప్పు చూపిస్తుంది, ఎక్కువైన స్ప్రెడర్ ఫలితం ఆకు కొసలు మాడటంలో తేలుతుంది. తలతన్యత తగ్గినప్పుడు బొట్లు ఇంకా సన్నగా చీలుతాయి, గాలికి ఇంకా దూరం వెళ్తాయి. పక్క కమతంలో రొయ్యల చెరువు ఉంటే గాలి అటు వీచే పూట డ్రోన్ లేపకండి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు చుక్క చాలు రొయ్య పోవటానికి.

తప్పు జరిగితే ఎక్కడ చూడాలి

రెండు మూడు రోజులకు ఆకు కొసలు మాత్రమే ఎండితే మందు అక్కడికి పారి చేరింది. నీళ్లు ఎక్కువయ్యాయి. ఆకంతా మచ్చలు మచ్చలుగా మాడితే స్ప్రెడర్ మోతాదు మించింది, లేదా ఎండలో కొట్టారు. తెగులు ఆగలేదు, ఆకు బాగానే ఉందంటే మొదట ఎకరానికి పడిన మందెంతో తిరిగి లెక్క కట్టండి. నీళ్లు తగ్గించి ట్యాంకుకు మందు పెంచడం మరిచిపోయినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత నీటి పీహెచ్ చూడండి. పోయినేడాది తెరిచిన సీసాకు మళ్లీ బొట్టు పరీక్ష చేయండి. తేమ తగిలితే సీసాలోనే విరుగుతుంది, కాబట్టి మూత బిగించి నీడన పెట్టాలి.

బట్టను కూడా ఇది ఆకులాగే తడుపుతుంది. మామూలు మందునీళ్ల కన్నా ఇవి తేలిగ్గా దారాల్లోంచి ఒంటికి చేరతాయి. పొడుగు చేతుల చొక్కా మీద ప్లాస్టిక్ ఏప్రాన్, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు ఉండాలి. సన్నటి తుంపర పీల్చకూడదు, కంట్లో పడితే గట్టిగా మండుతుంది. వెంటనే ధారగా నీళ్లతో కడగాలి.

పంపు మూడుసార్లు కడిగి ఆ నీళ్లు అదే చేలో, గట్టుకు దూరంగా చల్లేయండి. కాలవలో ముంచి కడగడం ఎక్కడా మంచిది కాదు, డెల్టాలో మరీనూ. అదే కాలవ నీరు కింది ఊరి తాగునీటి చెరువుకీ, చేపల చెరువుకీ వెళ్తుంది, స్ప్రెడర్ ఒక్కటే ఉన్నా చేపలకు విషమే. కలుపు మందు కొట్టిన ట్యాంకునే స్ప్రెడర్‌తో వాడుతుంటే, కొట్టే ముందు ఒకసారి లీటరుకు 1 మి.లీ. స్ప్రెడర్ కలిపిన వట్టి నీళ్లతో కడిగి గొట్టం, నాజిల్ దాకా వదిలేయండి. ట్యాంకు గోడలకు, రబ్బరు గొట్టానికి అంటుకుని ఉన్న పాత కలుపు మందును సిలికాన్ ఊడదీస్తుంది. అది అరటి మీదో కూరగాయల మీదో పడేకన్నా ఖాళీ గట్టు మీద పడటం నయం.